ఉత్ప్రేరకాన్ని కడిగి కాల్చుటకు అనుమతి

వ్యర్థాల శాఖ మంత్రిగారు ఒక సోమవారం ఉదయం పది గంటల నలభై నిమిషాలకు చెత్తను రద్దు చేశారు.

"ఈ నిమిషం నుంచి చెత్త అనేది లేదు," అని ఆయన మైకు ముందు నిలబడి ప్రకటించారు. "ఇన్నాళ్ళూ మనం చెత్త అనుకున్నదంతా ఇంకా గుర్తింపు రాని సంపద!"

హాల్లో ఉన్న అధికారులంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేను కూర్చునే కొట్టాను, ఒళ్ళో కాగితాలున్నాయి గనక. ఆ శాఖలో ప్రెస్ నోట్లు రాసే ఉద్యోగం నాది. పంతొమ్మిదేళ్ళలో ఆరుగురు మంత్రులను చూశాను. చెత్తను తగ్గిస్తామన్నవారు ఉన్నారు, ఎత్తేస్తామన్నవారు ఉన్నారు, పక్క ఊరి పొలిమేరలో పోయిస్తామన్న దూరదృష్టి గలవారూ ఉన్నారు. ఏకంగా రద్దు చేసినవారు మాత్రం ఈయనొక్కరే.

మధ్యాహ్నానికి శాఖ పేరు కూడా మారిపోయింది. 'గుర్తింపు రాని సంపద శాఖ' అని కొత్త బోర్డు కట్టారు. పాత బోర్డును ఏం చేయాలో ఎవరికీ పాలుపోలేదు. చెత్త లేదు గనక చెత్తకుండీలు కూడా తీయించేశారు. చివరికి దాన్ని వరండాలో గోడకు ఆనించారు. మర్నాడు దాని పక్కకు రెండు విరిగిన కుర్చీలు చేరాయి, ఆ మర్నాడు పదకొండు చచ్చిపోయిన కీబోర్డులు. వారం తిరిగేసరికి మేమంతా వరండాలో అడ్డంగా నడవడం నేర్చుకున్నాం. బయటివాళ్ళు చూసి ఏమిటిదంటే, సంపద అని చెప్పేవాళ్ళం.

చిక్కల్లా విలేకర్ల దగ్గర వచ్చింది. ఏదీ ఆ సంపద, చూపించండి అని వాళ్ళు పట్టుకున్నారు. మంత్రిగారి పీఏ నా బల్ల దగ్గరికి వచ్చాడు. ఆయన అసలు పేరు నాకు గుర్తులేదు. ఏం చెప్పినా 'చిత్తం సార్' అంటాడు గనక ఆఫీసంతా ఆయన్ను చిత్తం అనే అంటుంది.

"ఏమయ్యా, నీకు తెలిసి చెత్తలోంచి విలువైనదేదైనా తీసినవాళ్ళు ఉన్నారా?" అన్నాడు చిత్తం.

"చెత్త లేదు కదండీ," అన్నాను.

"వేళాకోళమాడకు. పై నుంచి ఒకటే ఫోన్లు."

నాకు నోరు ఆగదు. చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బే. "మా వదిన తీసిందండీ," అనేశాను.

మా వదిన ప్రభుత్వ మాత్రల ఫ్యాక్టరీలో కెమిస్టు. ఫిట్స్ వచ్చేవాళ్ళు రోజూ వేసుకునే మాత్ర అక్కడ తయారవుతుంది, మరెక్కడా తయారవదు. ఆ మందు చేయడంలో ఒక మెట్టు దగ్గర పల్లేడియం అనే లోహం కావాలట. అది ఓడలో రావాలి. నాలుగు నెలలుగా ఓడ రాలేదు, ఫ్యాక్టరీ తలుపులు తెరుచుకోలేదు. అందరూ ఓడ కోసం ఎదురుచూస్తుంటే మా వదిన పాత కంప్యూటర్ల బోర్డులూ, చెడిపోయిన కార్ల పొగగొట్టాల్లో ఉండే తేనెపట్టు లాంటి రాళ్ళూ పోగుచేసింది. వాటిని పగలగొట్టి, యాసిడ్లో కరిగించి, వడగట్టి, మళ్ళీ కరిగించి, మూడు నెలల్లో ఇరవై గ్రాముల పల్లేడియం రాబట్టింది. దాన్ని తెల్లటి మట్టి పొడికి పట్టించి ఒక గాజు సీసాలో పెట్టుకుంది. ఇక యంత్రంలో వేయడమే తరువాయి.

ఇంత అవస్థ ఎందుకు పడిందంటే, ఆ మాత్రలు వేసుకునేవాళ్ళలో మా అన్నయ్య ఒకడు.

అన్నయ్య దర్జీ. ఇంటి ముందుగదిలోనే కొట్టు. చివరిసారి ఆయనకు ఫిట్స్ వచ్చి పదకొండేళ్ళయింది. ఆ రోజు చేతిలో ఉన్న స్టీలు డబ్బాతో సహా కుట్టుమిషను మీద పడిపోయాడు. ఆయన నుదుటికి ఆరు కుట్లు పడ్డాయి, డబ్బా మూతకు సొట్ట పడింది. అప్పటి నుంచీ ఆ డబ్బాలోనే మాత్రలు. చిన్న గుండ్రటి డబ్బా, అరచేతిలో ఇమిడేంత. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మంత్రిగారు చెత్తను రద్దు చేసిన పొద్దుట వదిన మూత తీసి లెక్కపెట్టింది. అరవై ఉన్నాయి.

తరువాతి సోమవారం మంత్రిగారు ఫ్యాక్టరీ ల్యాబుకు వచ్చారు. వెనక చిత్తం, ఉపమంత్రిగారు, ఇద్దరు ఫొటోగ్రాఫర్లు, నేను. వదిన సీసా తీసి బల్ల మీద పెట్టింది. మంత్రిగారు వంగి చూశారు. చాలాసేపు చూశారు.

"ఇది బూడిద కదమ్మా," అన్నారు.

"బూడిద రంగు పొడి అండి. అందులో పల్లేడియం ఉంది."

"విలువైన లోహమన్నారే, మరి మెరవదేం?"

"పొడిగా ఉంటేనే పని చేస్తుందండి. ముద్ద చేస్తే మెరుస్తుంది, పని చెయ్యదు."

మంత్రిగారు ఉపమంత్రి వైపు చూశారు. ఉపమంత్రి ఫొటోగ్రాఫర్ల వైపు చూశారు. ఫొటోగ్రాఫర్లు ఎవరి వైపూ చూడలేదు. వాళ్ళు అప్పటికే కెమెరాలకు మూతలు పెట్టేశారు.

"పోనీ, ఇది చేసే పనేమిటి?" అని మంత్రిగారు అడిగారు.

"దీన్ని ఉత్ప్రేరకం అంటారండి. అంటే, తాను ఏ మార్పూ చెందదు. తాను ఖర్చవదు. ఊరికే అక్కడ ఉంటుంది. అది ఉండడం వల్ల చుట్టుపక్కలవి పని చేస్తాయి. అంతా అయ్యాక మొదట ఎలా ఉందో అలాగే మిగులుతుంది."

మంత్రిగారు నెమ్మదిగా స్టూలు మీద కూర్చున్నారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. నేను దగ్గరుండి చూశాను.

"ఇది మీకు నా గురించి ఎవరైనా చెప్పారా అమ్మా?"

"లేదండి. పాఠ్యపుస్తకంలో ఉంది."

"పాఠ్యపుస్తకంలోకి కూడా ఎక్కిందన్నమాట," అన్నారు మంత్రిగారు. "ఇరవై రెండేళ్ళుగా నేను ఏం చేస్తున్నానో నాకే అర్థం కాలేదు. ఇంట్లో అడిగేవాళ్ళు, చెప్పలేకపోయేవాణ్ణి. ఏమయ్యా చిత్తం, విన్నావా? ఏ మార్పూ చెందదు! ఊరికే అక్కడ ఉంటుంది!"

"చిత్తం సార్. అచ్చం తమరే సార్."

మర్నాడు సర్క్యులర్ వచ్చింది. ఇకపై అన్ని ఫైళ్ళలోనూ 'గౌరవనీయ మంత్రివర్యులు' అనే మాటకు బదులు 'ఉత్ప్రేరకం' అని రాయాలి. ఉపమంత్రిని 'సహ ఉత్ప్రేరకం' అనాలి. మంత్రిగారి గది గుమ్మం పైన ఒక ఎర్ర బల్బు పెట్టించారు. అది వెలుగుతుంటే లోపల ఉత్ప్రేరణ జరుగుతున్నట్టు. అప్పుడు ఎవరూ తలుపు తట్టకూడదు. బల్బు రోజూ మధ్యాహ్నం రెండింటికి వెలిగి నాలుగింటికి ఆరేది. ఆ రోజు ప్రెస్ నోటు రాసింది నేనే. చాలా బాగా కుదిరిందని అందరూ అన్నారు. ఇంట్లో వదినకు చదివి వినిపించాను.

"బాగుందయ్యా మరిదీ. ఇంతకీ సీసా ఫ్యాక్టరీలో వెయ్యమన్నాడా, వద్దన్నాడా మీ ఉత్ప్రేరకం?" అంది వదిన.

ఆ జవాబు తెచ్చింది చిత్తం. మా ఇంటికే వచ్చాడు, మర్యాదగా చెప్పులు బయట విడిచి.

"చూడమ్మా, శుక్రవారం పెద్ద సభ ఉంది. చెత్తలోంచి వచ్చిన తొలి సంపద జనానికి కనబడాలి. ఆ బూడిదను కరిగించి ఒక పతకం చెయ్యాలి. అయ్యగారి మెడలో వేస్తాం."

"కరిగిస్తే ఇక అది ఉత్ప్రేరకం కాదండి."

"అయ్యగారు ఉన్నారుగా!"

"ఫ్యాక్టరీ ఆగిపోయింది. మాత్రలు చెయ్యాలి."

"మాత్రలు తరవాతైనా వేసుకోవచ్చు. సభ శుక్రవారం," అన్నాడు చిత్తం. చెడ్డవాడేం కాదు. నిజంగానే ఆయనకు ఆ రెండింట్లో శుక్రవారమే దగ్గర్లో కనిపించింది.

మా వదిన అబద్ధం చెప్పదు. పెళ్ళిచూపుల్లోనే మా అన్నయ్యతో మీ ముక్కు పెద్దదని చెప్పిన మనిషి. "సరేనండి. శుక్రవారానికి మెరిసేదొకటి మెడలో వేసుకునేలా ఇస్తాను," అంది.

"రిబ్బను మాత్రం మీ ఆయనే కుట్టాలి," అని చిత్తం అన్నయ్య వైపు తిరిగి నవ్వాడు.

అన్నయ్య రిబ్బనుకు ఒప్పుకున్నాడు. గురువారం మధ్యాహ్నం నేను భోజనానికి ఇంటికి వచ్చేసరికి ముందుగదిలో కమురు వాసన వేస్తోంది. అన్నయ్య ఇస్త్రీ బల్ల ముందు నిలబడి ఉన్నాడు. చెయ్యి ఇస్త్రీపెట్టె మీదే ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు మాత్రం లేదు. నీలం రిబ్బను పెట్టె కింద కాలిపోతోంది. నేను ఇస్త్రీపెట్టె లాగేసి ఆయన్ని పట్టుకున్నాను. అర నిమిషం. తరవాత మనిషి తిరిగొచ్చాడు.

"ఏంట్రా, ఎప్పుడొచ్చావ్?" అన్నాడు.

సాయంత్రం వదిన డబ్బా మూత తీసి లెక్కపెట్టింది. ముప్పై ఎనిమిది ఉండాల్సిన చోట నలభై రెండు ఉన్నాయి. నాలుగు రోజులుగా రోజుకొక్కటే వేసుకుంటున్నాడన్నమాట.

"పొదుపు చేద్దామని," అన్నాడు అన్నయ్య, పిల్లాడిలా నేల చూస్తూ.

ఆ రోజు నాకు వచ్చిన కోపం ఎవరి మీదని చెప్పను! చిత్తం మీద, మంత్రిగారి మీద, అందరికంటే ఎక్కువ నా మీద. నోరు మూసుకుని కూర్చుని ఉంటే ఆ సీసా ఎప్పుడో యంత్రంలో పడేది. ఆ రాత్రి అన్నం సయించలేదు. పొద్దున్నే లేచి సభ గురించి ముందస్తు ప్రెస్ నోటు రాశాను.

సభ దివ్యంగా జరిగింది. వదిన పతకం తెచ్చింది. గుండ్రంగా, అద్దంలా మెరుస్తోంది. మీద 'ఉత్ప్రేరకం' అని అక్షరాలు చెక్కి ఉన్నాయి. అన్నయ్య కుట్టిన రెండో రిబ్బను దానికుంది. మంత్రిగారు అరచేతిలో పెట్టుకుని బరువు చూశారు.

"తేలిగ్గా ఉందే?"

"విలువైనవన్నీ తేలిగ్గానే ఉంటాయి సార్," అన్నాడు చిత్తం.

పతకానికి ఒక అంచున చిన్న సొట్ట ఉంది. మంత్రిగారు దాన్ని వేలితో తడిమి, అది ప్రజాజీవితంలో తాను తిన్న దెబ్బలకు గుర్తని సభకు చెప్పారు. చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. నేను రాసుకున్నాను. ఆ రోజు నుంచి ఆయన పతకం తీయలేదు. స్నానానికి కూడా దానితోనే వెళ్తున్నారని చిత్తం గర్వంగా చెప్పేవాడు.

రెండు వారాలు ప్రశాంతంగా గడిచాయి. వదిన మాత్రం ఫ్యాక్టరీ నుంచి ఆలస్యంగా వచ్చేది. నేనేమీ అడగలేదు, ఆమె చెప్పలేదు. చెబితే నేను ఎక్కడ వాగుతానో ఆమెకు తెలుసు.

మూడోవారం మంగళవారం పొద్దున డబ్బాలో ఆరు మాత్రలు ఉన్నాయి. వదిన ముఖం వాడిపోయి ఉంది. కాఫీ కలుపుతూ తనలో తాను అనుకుంటున్నట్టు అంది. "విషం ఎక్కింది దానికి."

"దేనికి?" అన్నాను.

"ఉత్ప్రేరకానికి. ముడిసరుకులో గంధకం ఉంది. చూసుకోలేదు. పొడి పైన గంధకం పట్టేసింది, ఇక పని చెయ్యదు. మా భాషలో విషం ఎక్కింది అంటాం. కడిగి, కొలిమిలో కాలిస్తే మళ్ళీ మామూలైపోతుంది. ఆ కొలిమి మీ శాఖ ల్యాబులో ఉంది. అనుమతికి కాగితం పంపాను."

మా శాఖలో అనుమతి అంటే ఏడు సంతకాలు. ఏడు సంతకాలంటే, ఎవరూ సెలవులో లేకపోతే, నలభై రోజులు. డబ్బాలో మూడు రోజులకే మాత్రలున్నాయి. పొడి యంత్రంలో ఎందుకుంది, పతకం కాలేదా అని నేను అడగలేదు.

మధ్యాహ్నం రెండున్నరకు చిత్తం నా బల్ల దగ్గరికి పరుగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో ఒక కాగితం ఉంది.

"కొంప మునిగింది. చదువు," అన్నాడు.

చదివాను. వదిన చేతిరాతే.

'ఉత్ప్రేరకానికి విషం ఎక్కినది. కారణం గంధకం. ఉదయం నుంచి ఎటువంటి చలనమూ లేదు. వెంటనే కడిగి కాల్చవలెను. ఆలస్యమైతే పనికిరాదు. ఇందుకు శాఖ కొలిమిని వాడుటకు అనుమతి కోరడమైనది.'

"అయ్యగారికి విషం పెట్టారు!" అన్నాడు చిత్తం.

"లోపలికి వెళ్ళి చూశారా?"

"ఎర్ర బల్బు వెలుగుతుంటే ఎలా వెళ్తాను? తలుపు అద్దంలోంచి చూశాను. కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు. కళ్ళు అరమోడ్పు. కదలిక లేదు."

"రోజూ అలాగే ఉంటారు కదండీ?"

"అదేనయ్యా నా బాధ! రోజూ ఉన్నట్టే ఉన్నారు. ఎప్పుడు పోయారో ఎలా తెలుస్తుంది?"

"డాక్టరును పిలుద్దామా?"

"డాక్టరు వస్తే బయటికి పొక్కుతుంది. ఇది రాసింది ఎవరు, కెమిస్టు! విషం సంగతి కెమిస్టుకు కాక ఎవరికి తెలుస్తుంది? ఆలస్యమైతే పనికిరాదని కూడా రాసింది."

నేను నోరు తెరిచాను. ఒక్క ముక్క చాలు. అది మంత్రిగారు కాదండీ, సీసాలో పొడి. ఆ ముక్క నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు చిత్తం అన్నాడు. "సంతకాలన్నీ గంటలో అయిపోవాలి. ఆర్డరు రాయి."

నాకు నోరు ఆగదని చెప్పాను కదా. ఆ మధ్యాహ్నం ఆగింది.

ఆర్డరు రాశాను. 'ఉత్ప్రేరకాన్ని శాఖ ల్యాబు కొలిమిలో కడిగి కాల్చుటకు అనుమతించడమైనది.' చిత్తం చదివి, "పూర్తి ప్రభుత్వ లాంఛనాలతో అని వెయ్యి," అన్నాడు. వేశాను.

ఉపమంత్రిగారు పది నిమిషాల్లో వచ్చారు. ఏడవడానికి జేబురుమాలు తెచ్చుకున్నారు, కుర్చీ కొలవడానికి టేపు కూడా తెచ్చుకున్నారు. మొదటి సంతకం ఆయనదే. మిగతా ఆరుగురు తమ గదుల్లోంచి పెన్నులు తెరిచి పట్టుకునే బయటికి వచ్చారు. వరండాలో ఉన్న సంపదను తన్నుకుంటూ, దాటుకుంటూ ఫైలు నడవలేదు, ఎగిరింది. పంతొమ్మిదేళ్ళలో ఏడు సంతకాలు నలభై నిమిషాల్లో పడటం నేను చూడలేదు. ఒకాయనైతే ఎప్పుడో మూడేళ్ళ క్రితం పెండింగులో పెట్టిన వేరే ఫైలు మీద కూడా ఆవేశంలో సంతకం చేసేశాడు.

"సంతాప సందేశం రాశావా?" అన్నారు ఉపమంత్రి నాతో.

రాశాను. 'ఏ మార్పూ చెందని మహనీయుడు. ఆయన ఉన్నప్పుడు శాఖ ఎలా ఉందో, ఆయన వెళ్ళాక కూడా అలాగే ఉంటుంది' అని. ఉపమంత్రి కళ్ళు ఒత్తుకుని, చాలా హృదయవిదారకంగా ఉందన్నారు.

మూడున్నరకు ఆర్డరు వదిన చేతికి అందింది. నాలుగు కాకముందే పోలీసు బ్యాండు ల్యాబు ముందు వరుస కట్టింది. వదిన సీసా పట్టుకుని వచ్చి, ఆర్డరును ఒకసారి, బ్యాండును ఒకసారి చూసి, ఏమీ అడగకుండా లోపలికి వెళ్ళింది. బూడిద రంగు పొడిని మూడుసార్లు కడిగింది. పళ్ళెంలో పరిచి కొలిమిలో పెట్టింది. బయట పోలీసుల తుపాకులు సంతాపంగా తలకిందులయ్యాయి, బాకా ఊదారు. కొలిమి తలుపు మూసుకుంది. నేను చూసిన ప్రభుత్వ లాంఛనాలన్నింటిలోకీ పనికొచ్చిన లాంఛనం అదొక్కటే.

నేను ఆఫీసు వరండాకు తిరిగొచ్చేసరికి నాలుగైంది, ఎర్ర బల్బు ఆరింది. తలుపు తెరుచుకుంది. మంత్రిగారు ఆవులిస్తూ బయటికి వచ్చి కాఫీ అడిగారు. వరండాలో అధికారులంతా, బల్బు ఆరితే లోపలికి వెళ్దామని, నల్ల బ్యాడ్జీలతో నిలబడి ఉన్నారు. ఉపమంత్రి టేపు ఇంకా చేతిలోనే ఉంది.

"ఎవరు పోయారయ్యా?"

చిత్తం నీళ్ళు నమిలాడు. "ఎవరూ పోలేదు సార్. అంటే... తమరు ఉన్నారు సార్."

"నేనున్నానని నాకు తెలుసు. చేతిలో ఆ కాగితమేంటి?"

ఇచ్చాడు. మంత్రిగారు సంతాప సందేశం మొదటి నుంచి చివరిదాకా చదివారు. మళ్ళీ చదివారు. "బాగా రాశాడు. దాచిపెట్టండి," అన్నారు. ఆ తరవాత వదిన కాగితం అడిగి చదివారు, ఆర్డరు చదివారు. చిత్తం కాళ్ళ మీద పడబోయాడు. మంత్రిగారు ఆపారు. ఆయనకు కోపం రాలేదు. తన పేరు మీద శాఖ అంత వేగంగా పని చేయడం ఆయనకు ముచ్చటేసింది.

"చూశారా? నేను ఊరికే ఉన్నాను. ఏడు సంతకాలు నలభై నిమిషాల్లో! ఉత్ప్రేరణ అంటే ఇది."

అందరూ చప్పట్లు కొట్టారు. అంతా సర్దుకుపోయేదే. కానీ ఉపమంత్రి కుర్చీ కొలతలు ఇంకా మర్చిపోలేదు. చప్పట్లు ఆగాక ఆయన మెల్లగా అన్నారు. "ఒక్క చిన్న సందేహమండి. విషం ఎక్కింది తమరికి కాదు. అయితే ఇంకో ఉత్ప్రేరకం ఫ్యాక్టరీలో ఉన్నట్టే కదా? ఉన్న లోహమంతా తమ పతకంలో పోశారు కదా? మరి ఆ కొలిమిలో ఉన్నదేంటి? తమ మెడలో ఉన్నదేంటి?"

మంత్రిగారి చెయ్యి పతకం మీదికి వెళ్ళింది. నేను మనసులో లెక్క వేసుకున్నాను. వదిన ఉద్యోగం పోతుంది, కొలిమిలో ఉన్న పొడిని లాక్కుంటారు, అన్నయ్యకు శుక్రవారం నుంచి మాత్ర లేదు.

అందరం ల్యాబుకు వెళ్ళాం. బ్యాండు ఇంకా నిలబడే ఉంది. వదిన కొలిమి పక్కన చేతులు తుడుచుకుంటోంది.

"అమ్మా, ఈ పతకం అసలుదా, నకిలీదా?" అని మంత్రిగారు అడిగారు.

"పరీక్ష చేసి చూడొచ్చండి," అంది వదిన. "గాఢమైన నైట్రిక్ యాసిడ్లో వేస్తే తెలిసిపోతుంది. పల్లేడియం అయితే కరుగుతుంది. మామూలు స్టీలైతే ఎలా ఉన్నది అలాగే ఉంటుంది, ఏ మార్పూ ఉండదు."

ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. ఇక అయిపోయిందనుకున్నాను.

మంత్రిగారు మాత్రం సగమే విన్నారు. తనకు నచ్చిన మాటలు వినిపించాక తక్కినవి ఆయన వినరు. పతకం తీసి గాజు పాత్రలో తన చేత్తోనే వేశారు. రిబ్బను బయట వేలాడుతోంది. అరగంట అందరం పాత్ర చుట్టూ నిలబడ్డాం. ఉపమంత్రి వంగి చూస్తున్నారు.

వదిన రిబ్బను పట్టుకుని పైకి తీసింది. నీళ్ళతో కడిగింది. పతకం ఇంకా తళతళలాడుతోంది. అక్షరాలు పోలేదు, సొట్ట కూడా పోలేదు.

"ఏ మార్పూ లేదు!" అని మంత్రిగారు కేక పెట్టారు.

"లేదండి," అంది వదిన.

"కరగలేదు కదా?" అన్నారు ఉపమంత్రి, ఆశగా.

"కరగలేదు! నేనూ అదే అంటున్నాను! ఉత్ప్రేరకం ఏ మార్పూ చెందదు! యాసిడ్లో అరగంట నిలబడింది!"

"కానీ ఆవిడేమన్నారంటే..."

"ఆవిడేమన్నారో అందరం విన్నాం. చిత్తం, విన్నావా?"

"చిత్తం సార్. ఏ మార్పూ ఉండదన్నారు సార్."

బ్యాండుకు ఏం జరిగిందో తెలియదు గానీ, అందరూ చప్పట్లు కొట్టేసరికి వాళ్ళూ ఏదో వాయించారు. ఉపమంత్రి టేపు చుట్టి జేబులో పెట్టుకున్నారు. కొలిమిలో ఉన్నదేమిటన్న ప్రశ్న ఇక ఎవరికీ గుర్తు రాలేదు. మంత్రిగారు వదినను నలుగురిలో మెచ్చుకుని, ఇంతటి నిజాయితీపరురాలు శాఖకు దొరకడం అదృష్టమన్నారు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. 'యాసిడ్ పరీక్షలో నెగ్గిన ఉత్ప్రేరకం' అని శీర్షిక పెట్టి ఆ సాయంత్రమే ప్రెస్ నోటు రాశాను. మర్నాడు అన్ని పత్రికల్లోనూ మొదటి పేజీలో వచ్చింది.

వదిన ఆ రాత్రి ఇంటికి రాలేదు. బుధవారం గంధకం లేని సరుకుతో యంత్రం మళ్ళీ మొదలైంది. గురువారం సాయంత్రం అన్నయ్య ఆఖరి మాత్ర వేసుకున్నాడు. శుక్రవారం పొద్దున వేసుకోవడానికి లేదు. కొట్టు తెరవొద్దని నేనన్నాను. ఇస్త్రీ మాత్రం ముట్టుకోనని ఒట్టేసి, మంచం మీద కూర్చుని కాజాలు కుట్టాడు. నేను ఆఫీసుకు సెలవు పెట్టి ఎదురుగా కూర్చుని ఆయన చేతులే చూస్తూ ఉన్నాను. సాయంత్రం నాలుగున్నరకు వదిన వచ్చింది. చేతిసంచీలోంచి మాత్రల అట్టలు తీసి మంచం మీద పోసింది. నిలబడే ఒకటి విప్పి ఆయన నోట్లో వేసింది.

అన్నయ్య మాత్రలన్నీ విప్పి స్టీలు డబ్బాలో పోశాడు. నిండింది. దాని మూతి మీద ఒక కాగితం కప్పి, నీలం రిబ్బను ముక్కతో చుట్టి ముడి వేశాడు. రిబ్బను మీద ఇస్త్రీపెట్టె కాల్చిన గోధుమ రంగు మచ్చ ఉంది. కాగితం నా ప్రెస్ నోటు, ఉత్ప్రేరకం యాసిడ్ పరీక్షలో నెగ్గినది.

"దీని మూతేది అన్నయ్యా? సొట్టది," అన్నాను.

అన్నయ్య వదిన వంక చూశాడు. వదిన చెప్పులు విప్పుతోంది.

"డ్యూటీకి వెళ్ళింది," అంది.